ఆ ‘ఎడ్. బ్లంట్’ ఎవరో కూడా చెప్పండి: ఇంగ్లీషు సిలబస్ కమిటీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్లకు, సభ్యులకు నమస్కారం.

నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివి పుస్తకాల షాపులో ఉద్యోగం చేస్తున్నాను. మీరు సిలబస్ మార్చినప్పుడల్లా పాత గైడ్లు కట్టలు కట్టి వెనక్కి పంపేదీ, కొత్తవి వచ్చాయా అని పిల్లలు అడిగితే రేపు రమ్మని చెప్పేదీ మేమే. ఈ లేఖ దాని గురించి కాదు లెండి. నేను చూసిన సిలబస్‌లలో ఎలిజబెత్ కాలం కింద కవులున్నారు, నాటకకర్తలున్నారు, రాణిగారున్నారు. ఒక పెన్నీ ఇచ్చి గ్లోబ్ థియేటర్‌లో నిలబడి నాటకం చూసిన జనం కూడా ఉన్నారు. ఆ కవుల్నీ నాటకకర్తల్నీ పుస్తకాలుగా చేసి అమ్మినవాడు మాత్రం ఎక్కడా లేడు. వాడికి ఒక్క క్లాసు కేటాయించమని అడగడానికే ఈ లేఖ.

ముందు ఒక బిట్ ప్రశ్న. నెట్, సెట్ పరీక్షలకని అమ్ముడుపోయే ఒక గైడులో ఉంది: షేక్‌స్పియర్ ఫస్ట్ ఫోలియోను ప్రచురించింది ఎవరు? జవాబు: హెమింజ్, కాండెల్. ఫస్ట్ ఫోలియో అంటే షేక్‌స్పియర్ నాటకాల్ని ఒకచోట చేర్చిన మొదటి పెద్ద సైజు పుస్తకం. హెమింజ్, కాండెల్ ఇద్దరూ ఆయన నాటక బృందంలో నటులు. ఆయన పోయిన ఏడేళ్ళకు నాటకాలు ఒకచోట చేర్చి, ముందుమాట కింద సంతకాలు పెట్టారు. అది చిన్న పనేం కాదు. ఆ ముందుమాటలో ‘మీరు ఏమైనా చేయండి గానీ కొనండి’ అని పాఠకులకు మొహమాటం లేకుండా చెప్పారు కూడా. కానీ కాగితం కొన్నదీ, అచ్చు ఖర్చు పెట్టుకున్నదీ, పుస్తకం పోకపోతే మునిగిపోయేదీ వాళ్ళు కాదు. వేరేవాళ్ళు.

ఎవరో ఆ పుస్తకమే చెబుతుంది. ఫస్ట్ ఫోలియో టైటిల్ పేజీ ఫోటో ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. విశాలమైన నుదురు, గట్టిగా బిగించిన కాలరు, ఆ బొమ్మ అందరికీ తెలిసిందే. బొమ్మ కింద ‘లండన్’ అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక్క లైను: ఐజాక్ జగ్గర్డ్, ఎడ్. బ్లంట్ అచ్చువేసినది, 1623. తర్వాత చిట్టచివరి పేజీకి వెళ్ళండి. సింబెలిన్ నాటకం ముగిసిన చోట అట్టడుగున ఇంకో లైను ఉంటుంది: డబ్ల్యూ. జగ్గర్డ్, ఎడ్. బ్లంట్, స్మెదిక్, ఆస్ప్లీల ఖర్చుతో అచ్చయినది. మొత్తం నలుగురు. తండ్రీకొడుకులు విలియం, ఐజాక్ జగ్గర్డ్‌లది ప్రింటింగ్ ప్రెస్, మిగతా ముగ్గురూ పుస్తకాల వర్తకులు. బ్లంట్‌కు ప్రెస్సే లేదు, కాబట్టి టైటిల్ పేజీ మీది ‘అచ్చువేసినది’ అన్న మాట ఆయన విషయంలో అంత నిక్కచ్చి కాదు. చివరి పేజీలో ఉన్న ‘ఖర్చుతో’ అన్నదే అసలు సంగతి.

ఇక ఈ ఎడ్వర్డ్ బ్లంట్ ఎవరు? స్పెల్లింగ్ చూస్తే బ్లౌంట్ అనిపిస్తుంది గానీ పలికేది బ్లంట్ అనే. 1562లో లండన్‌లో పుట్టాడు. తండ్రి మర్చంట్ టైలర్ల (దర్జీల, బట్టల వర్తకుల) సంఘంవాడు. కొడుకుని పదహారేళ్ళ వయసులో, 1578 జూన్‌లో, విలియం పాన్సన్‌బీ అనే పుస్తకాల వర్తకుడి దగ్గర అప్రెంటిస్‌గా పెట్టారు. ఒప్పందం పదేళ్ళకి. చట్టం అడిగేది కనీసం ఏడేళ్ళే, కాకపోతే లండన్‌లో 24 ఏళ్ళు నిండకుండా ఎవరినీ విడుదల చేయకూడదని నియమం. పదేళ్ళంటే మన దగ్గర ఇంటర్లో చేరినవాడు డిగ్రీ, పీజీ, బీఎడ్ ముగించి డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టేంత కాలం.

ఆ పదేళ్ళూ జీతం లేదు. తిండి, బట్ట, పడక యజమాని ఇంట్లోనే. పెళ్ళి చేసుకోకూడదు, జూదమాడకూడదు, తాగుడు కొట్ల వైపు వెళ్ళకూడదు, యజమాని రహస్యాలు బయట చెప్పకూడదు. 1582లో నగర పాలకులు అప్రెంటిస్‌లు వేసుకునే బట్టల మీద కూడా ఆంక్షలు పెట్టారు. ఉన్ని టోపీ పెట్టుకోవాలి, పెద్ద కుచ్చుల కాలర్లు పనికిరావు. అప్పటికి బ్లంట్‌కు ఇరవై ఏళ్ళు. ఆ వయసు కుర్రాడికి ఏది అన్నిటికన్నా ఎక్కువ మండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

షాపు ఉన్నది సెయింట్ పాల్స్ చర్చియార్డ్‌లో. పేరుకు చర్చి ఆవరణే గానీ అది ఇంగ్లండ్ మొత్తానికి పుస్తకాల బజారు. ఇళ్ళకు నంబర్లు లేని కాలం కాబట్టి ప్రతి షాపుకూ ఒక బొమ్మ బోర్డు గుర్తు. పాన్సన్‌బీ షాపు గుర్తు బిషప్ తల. పొద్దున్నే చెక్క తలుపు కిందికి దించితే అదే బల్ల, దాని మీద పుస్తకాలు పరవాలి. దారినపోయేవాళ్ళను ‘మీకేం కావాలండీ, మీకేం కావాలండీ’ అని కేకేసి పిలవాలి. ప్రెస్సు నుంచి వచ్చే షీట్లు మోసుకురావాలి. ఇక్కడ ఒక విషయం మీ విద్యార్థులకు తప్పకుండా చెప్పండి. అప్పటి పుస్తకాలు చాలావరకు మనకు దొరికేలా అట్ట వేసి ఉండవు. విడి షీట్ల కట్టగానో, పక్కన దారంతో కుట్టేసిన పలచని పుస్తకంగానో అమ్మేవారు. బైండింగ్ కొన్నవాడి ఇష్టం, కొన్నవాడి ఖర్చు. షీట్లు వరసలో ఉన్నాయా, ఒకటి తగ్గిందా, ఒకటి రెండుసార్లు వచ్చిందా అని లెక్క చూడడం షాపువాళ్ళ పని. ఈ పని నేనూ చేస్తాను. కొత్త స్టాకు వచ్చినప్పుడు ఏ ఫారం (మడతపెట్టిన అచ్చు షీటు) తలకిందులుగా పడిందో, ఏది అసలు పడనే లేదో చూడకుండా బల్ల మీద పెడితే సాయంత్రానికి ఎవరో ఒకరు కోపంగా తిరిగొస్తారు.

టైటిల్ పేజీల్ని అదనంగా అచ్చువేయించి స్తంభాలకు అంటించేవారు. ఆ రోజుల్లో పోస్టరంటే అదే. పుస్తకం పేరు నాలుగైదు లైన్లు సాగి, అందులోనే కథంతా చెప్పేసినట్టు ఎందుకుంటుందని మీ పిల్లలు అడిగితే, ఆ స్తంభం సంగతి చెబితే చాలు. కింద షాపు అడ్రస్ ఉండేది మిగతా వర్తకులు టోకున ఎక్కడ కొనాలో తెలియడానికి.

అప్రెంటిస్ నేర్చుకునేది మోత పని ఒక్కటే కాదు. ఏ రాత పనికొస్తుంది, ఎవరిని పట్టుకుంటే అది దొరుకుతుంది, ఏది ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది అన్నది కూడా. దీనికి ఒక మంచి ఉదాహరణ బ్లంట్ అక్కడ పనిచేస్తుండగానే జరిగింది. 1586 అక్టోబరులో కవి ఫిలిప్ సిడ్నీ యుద్ధంలో తగిలిన గాయంతో చనిపోయాడు. దేశమంతా ఏడ్చింది. ఆయన రాసిన ఆర్కేడియా చేతిరాత ప్రతులుగా స్నేహితుల మధ్య తిరుగుతోంది, అచ్చు కాలేదు. నవంబరులో పాన్సన్‌బీ సిడ్నీ ప్రాణమిత్రుడు ఫల్క్ గ్రెవిల్ దగ్గరికి వెళ్ళి, ‘ఆ పుస్తకం పాత ప్రతిని ఎవరో అచ్చు వేయబోతున్నారు, మీకు తెలిసే జరుగుతోందా?’ అని అడిగాడు. గ్రెవిల్ వెంటనే సిడ్నీ మామగారు ఫ్రాన్సిస్ వాల్సింగంకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. అందులో పాన్సన్‌బీని ‘చర్చియార్డ్‌లో ఒక బైండర్’ అని పరిచయం చేశాడు. పెద్దవాళ్ళ కంటికి మేమెప్పుడూ అలాగే కనిపిస్తాం, అది వేరే విషయం.

పాన్సన్‌బీ చేసింది మంచితనమా, వ్యాపారమా? నన్నడిగితే రెండూ. ఎవడో దొంగచాటుగా వేస్తున్నాడని ముందే చెప్పి ఆ కుటుంబం నమ్మకం సంపాదించాడు. 1588 ఆగస్టులో ఆర్కేడియా పాన్సన్‌బీ పేరుమీద రిజిస్టరైంది, 1590లో అచ్చయింది. అదే ఏడు స్పెన్సర్ ఫెయరీ క్వీన్ మొదటి మూడు భాగాలూ ఆ షాపు నుంచే వచ్చాయి. మీ సిలబస్‌లో ఆ కాలపు కవిత్వానికి ఇద్దరు పెద్ద దిక్కులుగా ఉన్న సిడ్నీ, స్పెన్సర్ ఒకే బల్ల మీదకు రావడం వెనక 1586 నాటి ఆ ఒక్క నడక ఉంది. అప్పుడు బ్లంట్‌కు 24 ఏళ్ళు. యజమాని ఎవరి గుమ్మం తొక్కుతున్నాడో షాపులో కుర్రాళ్ళకు తెలియకుండా ఉండదు.

1588 జూన్ 25న బ్లంట్‌కు విడుదల. స్టేషనర్స్ కంపెనీలో ఫ్రీమన్ అయ్యాడు, అంటే సొంతంగా వ్యాపారం చేసుకునే హక్కు వచ్చింది. ఆ కంపెనీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1557లో రాజపత్రం పొందిన ఆ వర్తక సంఘం చేతిలో లండన్ పుస్తకాల బతుకంతా ఉండేది. ఒక పుస్తకం వేయాలంటే ముందు చర్చి అధికారుల అనుమతి, తర్వాత సంఘం పెద్దలైన వార్డెన్ల సమ్మతి, ఆరు పెన్నీలు కట్టి రిజిస్టర్‌లో పేరు. ఆ ఎంట్రీ ఎవరి పేరున ఉంటే ఆ పుస్తకం వారిది. రాసినవాడిది కాదు. షేక్‌స్పియర్ నాటకాల మీద షేక్‌స్పియర్‌కు ప్రచురణ హక్కు లేదని చెబితే ఎం.ఏ. విద్యార్థులు కూడా నమ్మరు. నేను కౌంటర్ దగ్గర చెప్పి చూశాను, నవ్వారు.

నియమాలు ఇంకా ఉన్నాయి. 1586 నాటి ఉత్తర్వుతో లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తప్ప ఇంకెక్కడా ప్రెస్ ఉండకూడదు. మామూలు సభ్యుడికి ఒక్క అప్రెంటిసే. 1587 నుంచి మామూలు పుస్తకమైతే ఒకసారి కూర్చిన అక్షరాలతో 1,250 నుంచి 1,500 కాపీలకు మించి వేయకూడదు. అక్షరాలు కూర్చేవాళ్ళకు మళ్ళీ మళ్ళీ పని దొరకాలని ఆ లెక్క. 1598లో ధర మీద కూడా నియమం వచ్చింది: మామూలు సైజు అక్షరాలతో బొమ్మల్లేని కొత్త పుస్తకమైతే రెండు షీట్లకు ఒక పెన్నీ, అంతకు మించకూడదు. మన దగ్గర ఫారానికి ఇంత అని లెక్కగట్టి ధర వేసే పబ్లిషర్లకు ఇది వింతగా ఏం అనిపించదు. విడి నాటకం ఆరు పెన్నీలకు అమ్ముడుపోయేది. కాగితం ఎక్కువగా ఫ్రాన్స్ నుంచి వచ్చేది, ఖర్చులో పెద్ద వాటా దానిదే, అదీ ముందే కొనాలి. అక్షరం పడకముందే డబ్బు బయటికి వెళ్ళిపోతుంది.

బ్లంట్ పేరు రిజిస్టర్‌లో మొదటిసారి కనిపించేది 1594లో. ఫ్రీమన్ అయిన ఆరేళ్ళ తర్వాత. పదేళ్ళ శిక్షణ ఉన్నా పెట్టుబడి లేకపోతే అంతేమరి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కవి, నాటకకర్త క్రిస్టఫర్ మార్లో 1593 మే 30న డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుతో చనిపోయాడు. అది మీ నోట్సుల్లో ఉంది. ఆయన సగంలో వదిలేసిన హీరో అండ్ లియాండర్ కావ్యం 1598లో అచ్చయిందనీ ఉంది. వేసింది బ్లంట్. ముందు ఆయనే ఒక అంకితం రాశాడు, మార్లో పోషకుడు థామస్ వాల్సింగంకు. ‘మన స్నేహితుడి ప్రాణం లేని శరీరాన్ని మట్టికి చేర్చినంత మాత్రాన ఆయనకు మనం ఇవ్వాల్సింది తీరిపోయిందని అనుకోలేం’ అనే అర్థంతో మొదలవుతుంది. మార్లో మీద అప్పట్లో నాస్తికుడని, దుర్మార్గుడని బోలెడు పుకార్లు. చచ్చినవాడిని తిట్టేవాళ్ళే ఎక్కువ. అలాంటప్పుడు ఒక పుస్తకాల వర్తకుడు ‘మన స్నేహితుడు’ అని అచ్చులో చెప్పి కింద తన పేరు పెట్టుకున్నాడు. మార్లో మీద వచ్చిన వ్యాసాల్లో ఈ మాటలు ఉటంకిస్తారు, రాసినవాడిని ‘పబ్లిషర్’ అని ఒక్క పదంలో సరిపెడతారు.

రెండేళ్ళకు, 1600లో, మార్లో చేసిన ఒక అనువాదం అచ్చయింది. లాటిన్ కవి లూకన్ కావ్యం మొదటి భాగం. వేసింది థామస్ థార్ప్, ఈయనా అప్రెంటిస్‌గా మొదలైనవాడే, 1594లో ఫ్రీమన్ అయ్యాడు. మీ విద్యార్థులకు థార్ప్ తెలుసు. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్ల అంకితం కింద ఉండే టి.టి. అన్న రెండక్షరాలు ఆయనవే. ఆ అంకితంలోని డబ్ల్యూ.హెచ్. ఎవరన్న దాని మీద మనవాళ్ళు వ్యాసాలకు వ్యాసాలు రాస్తారు. లూకన్ పుస్తకాన్ని మాత్రం థార్ప్ ఏ ప్రభువుకూ అంకితం ఇవ్వలేదు. తోటి పుస్తకాల వర్తకుడు బ్లంట్‌కు ఇచ్చాడు.

ఆ అంకితం చదవమనండి పిల్లల్ని. మొదటి వాక్యమే బ్లంట్ పేరుమీద చమత్కారం: బ్లంట్, నీతో బ్లంట్‌గానే (అంటే మొహమాటం లేకుండానే) మాట్లాడతాను. మార్లో ఆత్మ మూడు నాలుగు షీట్ల రూపంలో చర్చియార్డ్‌లో తిరుగుతోందని అంటాడు, అంటే బల్లల మీద ఆయన పుస్తకాలు అమ్ముడవుతున్నాయని. ఈ లూకన్ మీద ఒకప్పుడు నీకే హక్కుండేది కదా అని గుర్తుచేస్తాడు. ఆ తర్వాత అసలు పాఠం మొదలవుతుంది: పోషకుడిగా ఎలా ఉండాలో స్నేహితుడికి నేర్పుతాడు. నేను పుస్తకం పట్టుకొస్తే ఒంట్లో బాగోలేదని మందు మింగుతూ దర్జాగా కూర్చో. ఫలానా రోజు రమ్మని నౌకరుతో కబురు పెట్టు, ఆ రోజు వచ్చేలోపు ఇల్లు మారిపో. ఎప్పుడైనా పొరపాటున ఒక మంచి మాట నోట్లోంచి జారితే దాన్నే వచ్చినవాళ్ళందరికీ విసుగు పుట్టేదాకా చెప్పు. దేన్నీ మెచ్చుకోకు, మెచ్చుకుంటే నీకు లేని తెలివి కూడా పోతుంది. ఇక ఈ కాలపు పోషకుల గొప్ప గుణం ఒకటుంది, అది నీకు చక్కగా అబ్బుతుందని నా నమ్మకం: ఏమీ ఇవ్వకపోవడం.

ఇవి నా మాటల్లో చెప్పాను, మూలంలో ఇంకా చురుగ్గా ఉంటుంది. ఎలిజబెత్ కాలపు ‘పేట్రనేజ్’ (రచయితలకు పోషకుల అండ) అనే టాపిక్ మీద మీరు పదిహేను మార్కుల ప్రశ్న ఇస్తారు. ఆ వ్యవస్థ మీద ఆ రోజుల్లోనే, దాన్ని దగ్గర నుంచి చూసిన ఇద్దరు వర్తకులు ఇలా నవ్వుకున్నారని తెలిస్తే ఆ జవాబు వేరేగా ఉండదా?

నవ్వులతోనే గడిచిన కాలం కాదు. 1599 జూన్‌లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్, లండన్ బిషప్ కలిసి వ్యంగ్య కావ్యాల మీద నిషేధం పెట్టారు. కొన్ని పుస్తకాల్ని స్టేషనర్స్ హాల్లోనే తగలబెట్టారు. 1603లో ప్లేగు వచ్చి లండన్‌లో ముప్పై వేల మంది వరకు పోయారు. అదే ఏడు బ్లంట్, ఫ్రెంచి రచయిత మాంటేన్ వ్యాసాలకు జాన్ ఫ్లోరియో చేసిన ఇంగ్లీషు అనువాదం తెచ్చాడు. లావుపాటి ఫోలియో, కాగితం ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. షేక్‌స్పియర్ టెంపెస్ట్‌లో ఆ అనువాదం నుంచి తీసుకున్న మాటలున్నాయని మీరు క్లాసులో చెబుతారు. ఆ పుస్తకం టైటిల్ పేజీ మీద ఎవరి పేరుందో కూడా చెప్పండి. ఫ్లోరియో ఇటాలియన్ నిఘంటువు 1598లో వేసిందీ బ్లంటే. షేక్‌స్పియర్ కవిత ఫీనిక్స్ అండ్ టర్టిల్ మొదట వచ్చిన 1601 నాటి కవితల సంపుటం ఆయనదే. 1612లో స్పానిష్ నవల డాన్ కిహోటే మొదటి భాగం ఇంగ్లీషులో, భాగస్వామితో కలిసి. 1620లో రెండో భాగం. మీ సిలబస్ పట్టుకుని లెక్కేస్తే, ఈయన బల్ల మీదుగా వెళ్ళనిది ఏముందో వెతుక్కోవాలి.

1608 మే 20న బ్లంట్ రిజిస్టర్‌లో రెండు నాటకాలు రాయించుకున్నాడు: ఆంటొనీ అండ్ క్లియోపాత్రా, పెరిక్లీస్. రెండూ ఆయన వేయలేదు. పెరిక్లీస్‌ను మరుసటి ఏడు ఇంకొకరు వేసేశారు. ఆంటొనీ అండ్ క్లియోపాత్రా పదిహేనేళ్ళు అచ్చు ముఖం చూడలేదు. ఆ నాటకం మీద మనసుపడి వచ్చిన ఎం.ఏ. పిల్లలు నాకు తెలుసు. అది మనకు దక్కింది 1623లో, ఫోలియో పుణ్యమా అని.

ఆ ఏడు నవంబరు 8న బ్లంట్, ఐజాక్ జగ్గర్డ్ కలిసి అంతకుముందు ఎవరి పేరునా లేని నాటకాలంటూ పదహారింటిని రిజిస్టర్ చేశారు. టెంపెస్ట్, ట్వెల్ఫ్త్ నైట్, యాజ్ యు లైక్ ఇట్, జూలియస్ సీజర్, మాక్‌బెత్, సింబెలిన్ అందులోవే. ఆంటొనీ అండ్ క్లియోపాత్రా కూడా ఆ జాబితాలో ఉంది! పదిహేనేళ్ళ కింద తన పేరునే ఉన్నదాన్ని బ్లంట్ మళ్ళీ రాయించుకున్నాడు. మరిచిపోయాడో, గుమస్తా చూసుకోలేదో. పాత బిల్లుబుక్కులు తిరగేసే అలవాటున్నవాళ్ళకు ఇది అర్థమవుతుంది. స్మెదిక్ చేతిలో హామ్లెట్, రోమియో అండ్ జూలియట్‌తో కలిపి నాలుగు నాటకాల హక్కులుండేవి, ఆస్ప్లీకి రెండు. అందుకే ఆ ఇద్దరూ ఖర్చులో వాటాదారులయ్యారు.

ఆ ఖర్చు ఎంతో కాగితంతో చూద్దాం. ఫోలియో 900 పేజీలకు పైనే. ఒక షీటుకు నాలుగు పేజీలు. అంటే కాపీకి 220కి పైగా షీట్లు. ఎన్ని కాపీలు వేశారన్న దానికి పండితుల అంచనాల్లో 750 ఒకటి. ఆ లెక్కన లక్షా అరవై వేలకు పైగా షీట్లు, ప్రతిదీ చేత్తో తయారైన కాగితం, ప్రతిదీ రెండు వైపులా చేత్తో లాగి అచ్చువేయాల్సిందే. పని 1622 మొదట్లో మొదలై 1623 చివరిదాకా సాగింది. ఈలోగా చూపు పోయిన పెద్ద జగ్గర్డ్, పుస్తకం బయటికి రాకముందే చనిపోయాడు. అంతకాలమూ డబ్బు వెళ్ళడమే, రావడం లేదు. అమ్మకం ధర బైండింగ్ లేకుండా 15 షిల్లింగులు, తోలు బైండింగ్‌తో ఒక పౌండు, అంటే 20 షిల్లింగులు. పనితనమున్న కార్మికుడికి రోజుకు ఒక షిల్లింగు, కాస్త పైన వచ్చే కాలం. 1623 డిసెంబరు 5న సర్ ఎడ్వర్డ్ డేరింగ్ అనే ఆయన రెండు కాపీలు కొని రెండు పౌండ్లు ఇచ్చినట్టు తన ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు. ఫోలియో కొనుగోలుకు మనకు తెలిసిన మొదటి లెక్క అదే. ఒకేసారి రెండు కాపీలు కొనే కస్టమరు! అలాంటివాళ్ళ పేరు నేనైతే మరిచిపోను.

ఫోలియోలోని 36 నాటకాల్లో పద్దెనిమిది అంతకుముందు అచ్చు కానివి. ఈ నలుగురు వెనకడుగు వేసి ఉంటే ఆ పద్దెనిమిదిలో ఎన్ని మిగిలేవో ఎవరూ చెప్పలేరు.

బ్లంట్ చివరి రోజులు బాగా సాగలేదు. ఫోలియో నాటికి చర్చియార్డ్‌లో నల్ల ఎలుగుబంటి గుర్తున్న షాపు ఆయనది. కొన్నేళ్ళకే అది చేయి జారింది. 1630 నవంబరులో షేక్‌స్పియర్ నాటకాల మీద తన హక్కుల్ని రాబర్ట్ ఆలట్ అనే వర్తకుడికి రాసిచ్చేశాడు. 1632 నాటికి చనిపోయాడు. సెకండ్ ఫోలియో వచ్చింది కూడా 1632లోనే, ఆలట్ పేరుతో. మొదటిసారి రిస్కు తీసుకున్నవాడికి రెండో ముద్రణ మీద పైసా హక్కు లేదు.

పండిత చరిత్ర రాయమని నేను అడగడం లేదు. ‘టైం లేదు సార్, మెటాఫిజికల్ కవులకే క్లాసులు చాలడం లేదు’ అనే జవాబు నాకు తెలుసు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడూ అదే విన్నాను. అందుకే అడిగేది తక్కువ. ఎలిజబెత్ కాలపు నేపథ్యం యూనిట్‌లో గ్లోబ్ థియేటర్ నిర్మాణానికి ఇచ్చే క్లాసుల్లో ఒకటి తీసి చర్చియార్డ్‌కు ఇవ్వండి. స్టేజీ కింద జనం ఎక్కడ నిలబడేవారో మనవాళ్ళకు స్కూలు నుంచే తెలుసు. ఆ క్లాసులో చదవడానికి థార్ప్, బ్లంట్‌కు రాసిన అంకితం చాలు, ఒక పేజీ కూడా ఉండదు, మార్లో పూర్తి రచనల్లో దొరుకుతుంది. ఇంటర్నల్స్‌కు అసైన్‌మెంట్‌గా ఎవరికి నచ్చిన పుస్తకం టైటిల్ పేజీని వాళ్ళకు ఇచ్చి, కింది లైన్లలో ఉన్న ప్రతి పేరూ ఎవరిది, ఆ మనిషి ఏం చేశాడు అని రెండు పేజీలు రాయమనండి. గైడులో జవాబు దొరకదు కాబట్టి కాపీ కొట్టడానికీ వీలుండదు. దీనివల్ల మా గైడ్ల అమ్మకం ఏమీ పెరగదని కూడా గమనించగలరు.

ఇక ఆ బిట్ ప్రశ్న. ఫోలియోను ‘ప్రచురించింది’ హెమింజ్, కాండెల్ అని మీ ప్రశ్నపత్రాల్లో ఎక్కడుంటే అక్కడ ‘సంకలనం చేసింది’ అని మార్చండి. ప్రచురించింది ఎవరని అడగదలచుకుంటే నాలుగు ఆప్షన్లలో ఎడ్వర్డ్ బ్లంట్, ఐజాక్ జగ్గర్డ్ పేర్లు కలిపి ఒకటి పెట్టండి. మీరు మారిస్తే గైడ్లు వేసేవాళ్ళు వచ్చే ఎడిషన్‌లో తామే మార్చుకుంటారు. పాత స్టాకు వెనక్కి పంపడం మా పని, చూసుకుంటాం.

ఇట్లు,
మీ సిలబస్ చదువుకుని, ఇప్పుడు అమ్ముకుంటున్న పాత విద్యార్థి